మూట ముందే వెళ్ళిపోయింది

పోయిన నెలలో రాజమండ్రిలోని మా ఇంటికి హారిక అనే అమ్మాయి వచ్చింది. డెల్టాలో పూర్వం చేత్తో గీసిన పటాలన్నీ పోగుచేసి ఒక పుస్తకం వేస్తున్నారట. మా తాతగారు గీసిన పటం మా ఇంట్లో ఉందని ఎవరో చెబితే ధవళేశ్వరం నుంచి స్కూటీ మీద ఎండలో వచ్చింది. మాది రెండు గదుల అద్దె వాటా. ముందు గదిలో ఒక గోడని బీరువా, ఎదుటి గోడని ఆ పటం ఆక్రమించుకుంటాయి, మిగిలిన చోటులో నేనుంటాను. ఆ పిల్ల చెప్పులు విప్పి లోపలికి వస్తూనే పటం ముందు నిలబడిపోయింది. మంచినీళ్ళు ఇస్తే చేత్తో పట్టుకుందే గాని తాగలేదు. అంత శ్రద్ధగా చూసే మనిషి మా గుమ్మం తొక్కి చాలా కాలమైంది కాబట్టి నాకు ముచ్చటేసింది. అప్పుడంది కదా, "నది, లంక, రేవులు అన్నీ ఎంత బాగా వేశారండీ! సముద్రం ఒక్కటే పాపం రంగు పాడైపోయింది. ఎర్రగా తిరిగిపోయింది. ఫర్వాలేదులెండి, మేం కంప్యూటర్లో నీలం చేసేస్తాం." నేను కుర్చీలో నిటారుగా సర్దుకున్నాను. "సముద్రం జోలికి వెళ్ళేట్టయితే పటం ఇవ్వనమ్మా," అన్నాను. ఆ పిల్ల బిత్తరపోయింది. "కూర్చో. కాఫీ తాగి వెళుదువుగాని. ఆ ఎరుపు ఎక్కడిదో చెప్తాను," అన్నాను. ఆవేళ ఆమెకు చెప్పిందే, మరికొంచెం తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

మాది పడిపోయిన కుటుంబమని మా వైపు ఇప్పటికీ అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. మేం ఎప్పుడూ నిలబడే ఉన్నాం, మా కాళ్ళ కింది నేలే వెళ్ళిపోయింది. వశిష్ఠ గోదావరి నడుమ మాదొక లంక. ఏటా వరదకు గోదావరి ఒడ్డును కోసుకుంటూ వచ్చేది. ఒక ఏడు కొబ్బరితోట, ఒక ఏడు పొగాకు వేసే మెరక, ఒక ఏడు పశువుల సావిడి. అన్నిటికన్నా పెద్ద కమతాన్ని పెద్ద చేను అనేవారు. నేను పుట్టేసరికే అందులో సగం నదిలో ఉంది. నాకు ఊహ తెలిసేసరికి మిగతా సగమూ దాన్ని వెతుక్కుంటూ వెళ్ళింది. మావాళ్ళు పేకాటలో పోగొట్టలేదు, కోర్టుల చుట్టూ తిరిగి పోగొట్టలేదు. "గోదావరి అడిగింది, ఇచ్చాం," అనేవారు తాతగారు, వీధి అరుగు మీద కండువా సర్దుకుంటూ. ఆయన ఆ మాట అంటుంటే దానం ఇచ్చినవాళ్ళలాగే ఉండేది మాకు. మా నాన్నగారు కాకినాడలో ఉద్యోగం వెతుక్కున్నారు, అమ్మ ఆయనతో ఉండేది. నన్ను మాత్రం తాతగారి దగ్గర, మామ్మ దగ్గర లంకలో ఉంచారు. ఆ ఇంటికి వారసురాలిని కదా, ఇంటిని చూసుకుంటూ పెరగాలని తాతగారి పట్టుదల. చూసుకోవడానికి ఏటేటా కొంచెం కొంచెం తక్కువ ఉండేది, అంతే.

వరద తీసి, బురద ఆరి, కాలు పెట్టేందుకు వీలైన రోజున తాతగారు దిక్సూచీ, గొలుసూ తీసుకుని లంక చుట్టూ కొలవడానికి బయల్దేరేవారు. గొలుసు రెండో కొస నా చేతిలో ఉండేది. ఒడ్డు ఎక్కడిదాకా కోసుకుపోయిందో, ఎక్కడ కొత్త ఇసుక మేట వేసిందో చూసి, ఇంటికొచ్చి గుడ్డకు అతికించిన మందపాటి కాగితం మీద ఆ ఏటి లంకను కొత్తగా గీసేవారు. ఉన్న నేలకు నిండు గీత. నీళ్ళలోకి వెళ్ళిన మా భూమికి చుక్కల గీత. ఏడాదికేడాది నిండు గీత లోపలికి ముడుచుకుంటుంటే చుక్కలు బయటికి పరుచుకునేవి. అయినా ఆ చుక్కల మధ్య "మా పెద్ద చేను" అని పొంకమైన అక్షరాలతో రాయడం ఆయన ఏనాడూ మానలేదు. "చూసిందే గీయాలి బుల్లెమ్మా. చూడనిది గీసేవాడు పటాలు గీసేవాడు కాడు, కోతలు కోసేవాడు," అనేవారు. పెద్ద చేను ఆయన చూశారు, దున్నించారు, అందుకని గీశారు. ఈ సంగతి నదిమీద తిరిగేవాళ్ళందరికీ తెలుసు. మా రేవు దాటేటప్పుడు పడవవాళ్ళు గెడ ఆపి, "బాబుగారూ, మీ సేలోంచి ఎల్తన్నామండీ, సెలవిప్పించండి!" అని కేకేసేవారు. మొదట్లో అది వేళాకోళమే అయి ఉంటుంది. తాతగారు అరుగు మీంచి లేచి నిలబడి, చెయ్యెత్తి, "వెళ్ళిరండి, జాగ్రత్త!" అని బదులిచ్చేవారు. ఆయన అలా లేచి నిలబడినందువల్లనే కాబోలు, కొన్నాళ్ళకి వేళాకోళం పోయి మర్యాద మిగిలింది.

ఇంట్లో నడిమి గదిలో దారి పుస్తకాల బీరువా ఉండేది. ఇప్పుడు నా ముందు గదిలో ఉన్నది అదే. అందులో ఉన్నవన్నీ పటాల పుస్తకాలు, పటాలు గీసే పద్ధతులు చెప్పే పుస్తకాలు, ఒంటెల మీదా ఓడల మీదా కుక్కలు లాగే బళ్ళమీదా దేశాలు తిరిగినవాళ్ళు రాసుకున్న పుస్తకాలు. ఇద్దరు మోస్తేగాని కదలని అట్లాసు ఒకటి. పురుగు పట్టకుండా ప్రతి పుస్తకంలోనూ మా లంక పొగాకు ఆకులు పెట్టేవారు. మిగతావాళ్ళ సంగతేమోగాని, నాకు మాత్రం ఈజిప్టూ, చైనా, ఉత్తర ధ్రువం అన్నీ పొగాకు వాసనే వేస్తాయి. ఈ వయసులో ఎవరైనా విమానం దిగి వచ్చి ఫలానా దేశం వెళ్ళొచ్చామంటే, వాళ్ళ దగ్గర ఆ ఘాటు లేదేమిటా అని ఒక్క క్షణం అనుమానం వస్తుంది.

భోజనాలయ్యాక ప్రయాణం ఉండేది. నడిమి గదిలో తుంగచాప వేసి, తాతగారూ నేనూ అట్లాసును మోసుకొచ్చి దానిమీద పెట్టేవాళ్ళం. మామ్మ తమలపాకుల పళ్ళెంతో వచ్చి కూర్చునేది. అయితే ఉత్తినే పుస్తకం తెరిచి దేశం మీద పడిపోవడం మా ఇంట్లో కుదరదు. ముందు పంచాంగం చూడాలి. రాహుకాలం పోవాలి. వారశూల చూడాలి, అంటే ఏ వారం ఏ దిక్కుకి ప్రయాణం పనికిరాదో చూసుకోవాలి. సోమ, శనివారాలు తూర్పుకు పనికిరాదు కాబట్టి జపాను వెళ్ళేవాళ్ళం కాదు. శుక్రవారం పడమర కూడదు, ఆవేళ ఈజిప్టు లేదు. మంగళ, బుధవారాలు ఉత్తరం కూడదు. ఎప్పుడైనా హిమాలయాల మీద మరీ మనసైతే ముందు పడమరగా పారశీకం దాకా వెళ్ళి, అక్కడ ఒక పూట ఆగి, చుట్టు తిరిగి వచ్చేవాళ్ళం. దారిలో నది అడ్డమొస్తే మామ్మ ఆ నీలిగీత మీద వక్క పలుకు ఒకటి వేసి దణ్ణం పెట్టేది. నైలు నదికి ఎన్ని వక్కలు పడ్డాయో. తాతగారు వేలితో దారి చూపుతూ పుస్తకంలోంచి చదివి తెలుగులో చెప్పేవారు, ఎడారి వస్తే మామ్మ, "మంచినీళ్ళు తాగవే, ఇంకెక్కడా దొరకవు," అని నాకు చెంబు అందించేది. ఆఫ్రికా నుంచి తిరిగొచ్చాక పెరట్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కుని మరీ లోపలికి రావాలి. ఇదంతా ప్రతి ఇంట్లోనూ ఉంటుందనే నా నమ్మకం. బళ్ళో మేష్టారు పటం వేలాడదీసి, "మన ఊరినుంచి కాశీకి ఎలా వెళ్ళాలి?" అని అడిగితే నేను లేచి, "ఏ వారం మేష్టారూ?" అన్నాను. పిల్లలందరూ విరగబడి నవ్వారు. మేష్టారు మాత్రం కాసేపు ఆలోచించి, "గురువారం అనుకో," అన్నారు. ఆయనది కూడా మా వైపే.

బీరువా అడుగు అరలో కథల పుస్తకాలు ఉండేవి. ఎవరో ఊహించి రాసిన సముద్రయానాలు. వాటి మొదటి పేజీల్లో లోకంలో లేని దీవులకు పటాలు, వాటిలో కొండలు, వాగులు, మనుషుల్ని తినే మొక్కలున్న అడవులు. తాతగారికి అవి అంతగా గిట్టవు. మామ్మకు అవంటేనే ప్రాణం. ఒకసారి ఆవిడ అలాంటి దీవి ఒకటి తెరిపించి అక్కడికే వెళ్దామని పట్టుబట్టింది.

"అది లేని దీవే. అక్కడికి వెళ్ళడమేంటి?" అన్నారు తాతగారు.

"మన పెద్ద చేను మాత్రం ఉందాండీ?" అంది మామ్మ, తమలపాకుకు సున్నం రాస్తూ.

నేను చాప అంచు గిల్లుతూ తలొంచుకున్నాను. తాతగారు గొంతు సవరించుకుని, "పంచాంగంలో ఏ దిక్కని చూడమంటావు దానికి?" అని అడిగారు. "లేని దీవికి శూల కూడా ఉండదు, పదండి," అంది మామ్మ. ఆవేళ మేం చీకటి పడేదాకా ఆ దీవిలోనే ఉన్నాం.

లోకమంతా అలా చాపమీద తిరిగిన మామ్మ, పొద్దున్న లాంచీ ఎక్కితే మధ్యాన్నానికి చేరగలిగే సముద్రాన్ని చూడలేదు. ఆవిడ పుట్టింటివాళ్ళు సామర్లకోట అవతల మెట్టవాళ్ళు. చెరువు తప్ప నీళ్ళెరగని ఊరు. పెళ్ళి చూపులప్పుడు మా ముత్తాతగారు, "మా లంకనించి సముద్రం ఒక్క పూట ప్రయాణమమ్మా," అన్నారట. సంబంధం ఒప్పుకోవడానికి తనకు అదొక్కటే కారణమని మామ్మ తాతగారి ఎదుటే చెప్పేది. కాపురానికొచ్చిన కొత్తలో మంచి రోజు చూసి అంతర్వేది ప్రయాణం పెట్టారు. సరిగ్గా ఆవేళకి ఇంట్లో ఏదో అవాంతరం వచ్చింది. ముహూర్తానికి మనిషి కదలడం కుదరకపోతే మూటనైనా కదిలించాలని మా వైపు ఒక ఆచారం ఉంది. ప్రస్థానం ఉంచడం అంటారు. వెళ్ళే దిక్కున ఉన్న వేరే వాళ్ళింట్లో మూట పెట్టి వస్తే ప్రయాణం మొదలైనట్టే లెక్క, మనిషి నాలుగు రోజులు ఆగి వెళ్ళినా దోషం ఉండదు. అలా మామ్మ మూట దక్షిణం వైపు మూడిళ్ళ అవతల ఉన్న వరలక్ష్మమ్మగారింటికి వెళ్ళింది. ఒక చీర, చిన్న ఇత్తడి చెంబు, పసుపు కుంకుమల పొట్లం. మూట బయల్దేరింది. మామ్మ బయల్దేరలేదు.

అవాంతరం తీరేలోగా మా సొంత పడవను వరద ఎత్తుకెళ్ళింది. పైకప్పూ పరదాలూ ఉన్న పడవ, మామ్మ ఈ ఇంటికి వచ్చింది అందులోనే. ఇంకోటి చేయించే రోజులు మళ్ళీ రాలేదు. తాతగారు అద్దె లాంచీ ఎక్కరు. "టిక్కెట్టు కొనుక్కుని మన చేలో మనం కూర్చోవడమేంటి?" అనేవారు. ఆ అభిమానాన్ని నేను ఇప్పటికీ తప్పుపట్టను, నాలోనూ కొంత ఉంది. కాని దానివల్ల మామ్మ సముద్రం ఆగిపోయింది. ప్రస్థానం ఎల్లకాలం నిలవదు కాబట్టి, గడువు దాటితే మూటను ఇంటికి తెచ్చి, మళ్ళీ మంచిరోజు చూసి పంపాలి. ఆ మోత నాది. నేను మూట తీసుకుని వీధిలో వెళ్తుంటే, "ఏమే, మీ మామ్మ ఎందాకా వెళ్ళింది?" అని అరుగుల మీంచి అడిగేవారు. వరలక్ష్మమ్మగారైతే మా ఇంటికొచ్చి, "వదినా, నీ మూట మా ఇంట్లో కాపురం పెట్టేసింది. ఈసారి జనాభా లెక్కలవాళ్ళొస్తే దాని పేరు రాయించమంటావా?" అనేది. "రాయించు వదినా. వయసు మాత్రం కాస్త తగ్గించి చెప్పు," అనేది మామ్మ. నవ్వేది గాని, మూట నా చేతికిచ్చే ముందు ముడి విప్పి, చీర మడత మార్చి, మళ్ళీ గట్టిగా ముడేసేది. వెళ్ళే ఆశ లేనివాళ్ళు చీర మడత మార్చరు.

ఒక ఏడు పెద్ద వరద వచ్చింది. తీశాక తాతగారు లంక పటం కొత్తగా గీసి, ఇంకా సిరా ఆరకుండానే నాతో కలిసి అట్లాసు చాప మీదికి తెచ్చారు.

"ఇవాళ ఎక్కడికి?" అని అడిగారు.

"సముద్రానికండీ," అంది మామ్మ.

"ఏ సముద్రం? నల్ల సముద్రమా?"

"మనదేనండి. మన రేవులోంచి."

తాతగారు ఇండియా పేజీ తెరిచారు. గోదావరి సముద్రంలో కలిసే చోటు ఆయన బొటనవేలు కింద మొత్తం దాక్కుంది. వేలు తీసి భూతద్దం పెట్టారు. రాజమండ్రి ఒక చుక్క. దానికింద రెండు వెంట్రుకల్లాంటి గీతలు, తరవాత నీలం. మా లంక లేదు, రేవు లేదు. మద్రాసు ప్రెసిడెన్సీ పటం తీశారు. ఇంకో పటం తీశారు. జిల్లా పటంలో సరిగ్గా మా నది దగ్గరే కాగితం మడత చిరిగిపోయి ఉంది. చాప నిండా పటాలు పరుచుకున్నాయి. మామ్మ తాపీగా ఆకు నములుతోంది.

"అంటే ఇంత బీరువాలోనూ మన గుమ్మంలోంచి సముద్రానికి దారి లేదన్నమాట," అంది చివరికి.

"లేకపోతే ఏం, నేను గీస్తాను," అన్నారు తాతగారు.

"చూడనిది గీయరుగా మీరు."

తాతగారు ఆవిడ వంక చూశారు. లాంచీ ఎక్కనన్న అభిమానమూ చూడనిది గీయనన్న అభిమానమూ ఆయన లోపల కలియబడుతున్నాయని నాకు అప్పుడు తెలియలేదు, పొలమారిందేమో అనుకుని చెంబు అందించబోయాను. ఆయన లేచి కండువా వేసుకుని రేవుకు వెళ్ళిపోయారు. మామ్మ పటాలన్నీ ఒక్కొక్కటే మడత పెట్టింది. ఆ మడతలు ఎప్పుడూ అంత వంకరగా ఉండగా నేను చూడలేదు. దీపాల వేళకు తాతగారు తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడి, "బుల్లెమ్మా, పంచాంగం తియ్యి," అన్నారు. నేను తియ్యక్కర్లేకపోయింది. "బుధవారం దివ్యంగా ఉందండీ," అంది మామ్మ లోపల్నించి.

బుధవారం పొద్దున్న మేం ముగ్గురం వరలక్ష్మమ్మగారింటి ముందు ఆగాం. ఆవిడ మూట తెచ్చి మామ్మ చేతిలో పెట్టి, "మా ఇల్లు బోసిపోతుంది వదినా," అని పైటతో కళ్ళొత్తుకుంది. "మూట బరువుగా ఉందేంటి?" అంది మామ్మ. "ఇన్నాళ్ళు నా తిండి తింది కదా, ఒళ్ళు చేసింది," అందావిడ. వీధి వీధంతా రేవు దాకా వచ్చింది. లాంచీ నడిపే సరంగు సత్తియ్య మమ్మల్ని చూసి గబగబా దిగి వచ్చాడు. తాతగారు వీపు మరింత నిటారుగా చేసి, "సత్తియ్యా, నేను ప్రయాణికుణ్ణి కాను. సర్వే మీద వస్తున్నాను," అన్నారు.

"ఆయ్, అలాగేనండి. మరి అమ్మగారండి?"

"ఆవిడ గొలుసు పట్టుకుంటుంది."

"పాపగారండి?"

"సిరాబుడ్డీ."

"ఆయ్," అని సత్తియ్య నవ్వు మింగి, లాంచీ ఎక్కే బల్ల దగ్గర మామ్మకు చెయ్యి అందించాడు. మామ్మ టిక్కెట్లు తీసుకుంటున్నంతసేపూ తాతగారు అవతలి గట్టును పరీక్షగా చూస్తూ నిలబడ్డారు.

లాంచీ కదిలింది. తాతగారు కూర్చోలేదు. అట్ట మీద కాగితం బిగించుకుని, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రేవూ, మలుపూ, తాటితోపూ, ఏది కనిపిస్తే అది గీస్తూనే ఉన్నారు. నేను సిరాబుడ్డి పట్టుకున్నాను. మామ్మ చేపల గంపలవాళ్ళ మధ్య పీట మీద కూర్చుంది. పక్కనే పోలమ్మ అని బలమైన మనిషి, గంపకు తడిగోనె కప్పుకుని. కొంచెం దూరం పోయాక సత్తియ్య ఇంజన్ వేగం తగ్గించి గట్టిగా కేకేశాడు. "బాబుగారూ, మీ పెద్ద సేను వచ్చిందండీ!" లాంచీలో ఉన్నవాళ్ళందరూ లేచి నీళ్ళలోకి తొంగి చూశారు. ఎర్రటి నీళ్ళు, సుళ్ళు, అంతే. అయినా అందరూ శ్రద్ధగా చూశారు.

"ఈ యేడు పంటేంటండి బాబుగారూ?" అని ఎవరో కుర్రాడు వెనకనుంచి అన్నాడు.

"పులస!" అంది పోలమ్మ గంప మీద చరిచి. "రెండు పంటలు తీశామండి. కోసుకుంటన్నాం, అమ్ముకుంటన్నాం, ఇయ్యాల్టి దాకా బాబుగారికి శిస్తు కట్టిన పాపాన పోలేదు!"

లాంచీ అంతా గొల్లుమంది. నాకు చెవులు వేడెక్కాయి. తాతగారు కలం ఆపి ఆవిడ వైపు తిరిగి, "కట్టక్కర్లేదు పోలమ్మా. మా చేను ఎవరి కడుపూ ఎండబెట్టలేదని విన్నాను, అది చాలు," అన్నారు. పోలమ్మ నవ్వు ఆపి చెయ్యెత్తి దణ్ణం పెట్టింది. ఆ తరవాత ఆవిడా మామ్మా నర్సాపురం దాకా పులస పులుసులో బెండకాయ పడాలా వద్దా అని వాదించుకున్నారు. తాతగారు మళ్ళీ కాగితం మీదికి వంగారు గాని, చాలాసేపు కలం కదపలేదు.

అంతర్వేదిలో దిగి ఇసుకలో నడిచాం. సరుగుడు చెట్లు దాటుతుంటే హోరు వినిపించింది. మామ్మ చెప్పులు చేతిలో పట్టుకుని మాకన్నా ముందు నడిచింది. ఇంట్లో అలా ఆయనకన్నా ముందు నడవడం నేనెప్పుడూ చూడలేదు. గట్టు ఎక్కి ఆగిపోయింది. మేం వెనక వెళ్ళి పక్కన నిలబడ్డాం. నది అక్కడ సముద్రంలో కలుస్తోంది. ఎదురుగా కనుచూపు మేర నీళ్ళు. కాని నీలం కాదు. ఒడ్డునుంచి ఎంతో దూరం దాకా కాషాయంలా, కాచిన బెల్లంలా ఎర్రటి నీళ్ళు, వాటి అవతల ఆకాశం మొదలయ్యే చోట సన్నటి గీతలా నీలం.

"నీలం ఏదండీ?" అంది మామ్మ.

తాతగారికి గాభరా వేసింది. ఇన్నేళ్ళు చాపమీద ఆయన చూపించిన సముద్రాలన్నీ నీలమే. "వరద నీళ్ళు. సముద్రంలోకి అంత దూరం చొచ్చుకుపోతాయి. శీతాకాలంలో వస్తే నీలంగానే..." అని ఏదో చెప్పబోయారు. మామ్మ వినడం లేదు. నీళ్ళ దగ్గరికి వెళ్ళి వంగి, వెనక్కి పోతున్న అల అడుగునుంచి ఒక చారెడు తీసింది. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి జారిపోయాక మిగిలినదాన్ని బొటనవేలితో మెదిపి చూసింది. వాసన చూసింది. ఏళ్ళ తరబడి రోజూ ఆ లంక మట్టితో అరుగులు అలికిన చెయ్యి అది.

"ఇది మన మట్టండీ," అంది. ఆ చెయ్యి ఆయన ముందు చాపింది. "చూడండి. మన పెద్ద చేను ఎక్కడికీ పోలేదు. ఇక్కడికొచ్చింది."

తాతగారు ఆ చేతిని చూశారు. తరవాత ఎర్రటి నీళ్ళను ఈ చివరనుంచి ఆ చివరిదాకా చూశారు, వరదలు తీసిన తరవాత లంక ఒడ్డును ఎలా చూసేవారో అలా. ఆయన భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నారేమోనని భయపడ్డాను. ఆయన నవ్వుతున్నారు. మొదట లోపల్లోపల, తరవాత గట్టిగా, పైకి, ఇసుకలో పీతలు బొరియల్లోకి దూరేంత గట్టిగా. "ఎంతయిందే మన కమతం! ఎంతయింది!" అని నా వీపు చరిచారు. అప్పటికి బీరువాలోని రాజులెవరికీ అంత భూమి లేదు.

"మరి దిగొద్దా?" అంది మామ్మ.

"రాహుకాలం..." అన్నాను నేను, బుద్ధిమంతురాలిలా.

"మన చేలో మనం దిగడానికి రాహుకాలమేంటే!" అని కండువా నా చేతిలో పడేసి, మామ్మ చెయ్యి పట్టుకుని తాతగారు నీళ్ళలోకి నడిచారు. మూడో అల ఇద్దర్నీ కూలదోసింది. ఆయన లేచి మళ్ళీ నిటారుగా నిలబడ్డారు, నాలుగోది మళ్ళీ కూలదోసింది. ఆయన్ని ఎవరైనా పడగొట్టి నవ్వించడం నేను చూసింది ఆ ఒక్కసారే. మామ్మ గట్టెక్కి, తడిబట్టలతో ఇసుకలో కూర్చుని, మూట ముడి విప్పింది. తన చీర కింద ఎర్రవి, పచ్చవి, పూలవి రవికె గుడ్డలు దొంతరగా ఉన్నాయి. ఏటా వరలక్ష్మీ వ్రతానికి వరలక్ష్మమ్మగారు మూటకి కూడా తాంబూలం తీసి, దాచి, ఇప్పుడు అన్నీ కలిపి అందులో పెట్టిందన్నమాట. మామ్మ వాటిని ఒళ్ళో పెట్టుకుని, "దీన్ని కూడా పేరంటాలిగా చూసుకుంది, పిచ్చిది," అంది.

సాయంత్రం లాంచీ వేళకు తాతగారు బయల్దేరదామన్నారు. "ఎలా బయల్దేరతామండీ? మనం వెళ్ళేది ఉత్తరం. బుధవారం ఉత్తరం శూల కదూ?" అంది మామ్మ, తల తుడుచుకుంటూ, ఎటో చూస్తూ. తాతగారు ఆవిడ వైపు తిరిగారు. బుధవారం దివ్యంగా ఉందని ఆవిడ ఎందుకందో అప్పటికి మా ఇద్దరికీ అర్థమైంది. సత్రంలో దిగాం. మర్నాడు పొద్దున్నే తాతగారు తెచ్చుకున్న నీలం రంగు పక్కన పెట్టి, ఒడ్డున మట్టి తీసి, తుమ్మజిగురుతో కలిపి, నదీ సంగమం దగ్గర సముద్రానికి పూశారు. లంక దగ్గర ఆగిపోయే చుక్కల గీతను నది పొడుగునా సాగదీసి, ఆ ఎరుపు చుట్టూ తిప్పారు. నడుమ పెద్ద అక్షరాలతో "మా పెద్ద చేను" అని రాశారు. ఆ తరవాత మా అట్లాసు ప్రయాణాలు ఆగలేదు గాని, ఏ నది ఏ సముద్రంలో కలిసినా మామ్మ వంగి చూసి, "ఇక్కడ ఈ నీలం తప్పండీ. ఎవరిదో చేను ఉంటుందిక్కడ," అనేది.

ఇప్పుడు అంతర్వేది వెళ్ళాలంటే కారెక్కితే చాలు. ఎక్కడ తిరగాలో ఫోన్లో ఎవరో చెబుతుంటారు. రాహుకాలమని ఆ గొంతు ఎప్పుడూ ఆగదు, నది వచ్చినా దణ్ణం పెట్టదు. సుఖమే, కాదనను, నేనూ అలాగే వెళ్తున్నాను. కాని ప్రయాణానికి ముందు ఆ చీర మడత మార్చుకునే సుఖం ఒకటుండేది, అది ఈ దారుల్లో ఎక్కడ తగులుతుందో నాకు కనిపించడం లేదు. లంకలో మా ఇల్లున్న చోటు కూడా ఇప్పుడు నీళ్ళలోనే ఉంది. బీరువాలో పొగాకు ఆకులు మాత్రం నేను ఏటా మారుస్తాను.

హారిక కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది. నేను చెప్పడం ఆపాక ఆ పిల్ల ఫోన్ తీసి, వేళ్ళతో ఏదో జరుపుతూ, సాగదీస్తూ కాసేపు వెతికింది. తరవాత లేచి వచ్చి నా కుర్చీ చేతి మీద కూర్చుంది. మా ఇంట్లో అలా ఎవరూ కూర్చోరు. అయినా ఊరుకున్నాను. "ఇది పైనించి తీసిన ఫొటోనండి. వరదల్లో తీసింది," అంది. ఆకుపచ్చటి పొలాలు, బూడిద రంగు ఇళ్ళు, వాటి మధ్య వంపులు తిరుగుతూ మా వశిష్ఠ. నది చివర సముద్రం. ఆ నీలంలోకి విసనకర్రలా విచ్చుకుని, అంచులు కుచ్చిళ్ళలా తేలుతూ, ఎర్రటి మరక.

"అవునండీ. తాతగారు వేసిన రంగే," అంది మెల్లగా. "ఈ పటంలో దేన్నీ ముట్టుకోమండి."

నేను కళ్ళజోడు పెట్టుకున్నాను. "ఇంకొంచెం జరుపమ్మా, దక్షిణానికి," అన్నాను. "మా చేను ఎందాకా వెళ్ళిందో చూద్దాం."